ఈనిన ఎలుక, ఈనని ఎలుక: రొమ్ము, గర్భసంచి కణితుల గురించి

(శ్రీకాకుళంలో జువాలజీ విద్యార్థులు, నర్సింగ్ విద్యార్థినులు, ఆశా కార్యకర్తలు కలిసి విన్న ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ఆమదాలవలస నుంచి, నరసన్నపేట నుంచి పనులు మానుకుని వచ్చిన ఆశా కార్యకర్తలకు ప్రత్యేకంగా నమస్కారం. జువాలజీ పిల్లలకు ఎలుక కొత్త కాదు, మీకు కాన్పుల లెక్క కొత్త కాదు. ఈ రెంటినీ కలిపి మాట్లాడాలనే మీ అందరినీ ఒకే హాల్లో కూర్చోబెట్టమని అడిగాను.

మన పల్లెల్లో పాడి ఆవుని కొనేటప్పుడు ఎన్నో ఈత అని అడగకుండా ఎవరూ బేరానికి దిగరు. క్యాన్సర్ పరిశోధనలో వాడే ఆడ ఎలుక గురించి కూడా ముందుగా అడగాల్సింది అదే. ఈనిందా, ఈనలేదా? ఈనితే ఏ వయసులో? పిల్లలకు పాలిచ్చిందా? ఒకే తిండి తిని, ఒకే గదిలో పెరిగిన రెండు అక్కచెల్లెళ్ళ ఎలుకల్లో ఒకదానికి కణితులు వచ్చి రెండోదానికి రాకపోవడానికి ఈ తేడా సరిపోవచ్చు. అయినా రసాయనాలు క్యాన్సర్ తెస్తాయా లేదా అని చూసే అంతర్జాతీయ పరీక్షల్లో వాడేది ఒక్కసారి కూడా ఈనని, చూలు లేని ఎలుకల్నే. పోలిక సరిగా కుదరాలి కనక ఆ నియమం సబబే. కాకపోతే ఆ పరీక్షల్లో కనిపించేది జీవితమంతా పిల్లల్ని కనని ఆడజంతువు శరీరం. ఫలితం చదివేటప్పుడు ఇది మరవకూడదు.

ముందు ఎలుక ఒళ్ళు ఒకసారి చూద్దాం. దీనికి పాలగ్రంథులు ఆరు జతలు. మెడ దగ్గర మొదలై గజ్జల దాకా చర్మం కింద పరుచుకుని ఉంటాయి. అందుకే మెడ పక్కన గడ్డ కనిపించినా, డొక్క మీద కనిపించినా అది పాలగ్రంథిది కావచ్చు. గర్భసంచికి పొడుగాటి రెండు కొమ్ములుంటాయి. నాలుగైదు రోజులకోసారి ఎదకొస్తుంది. చూలు మోసేది 21 నుంచి 23 రోజులు. రెండేళ్ళు వచ్చేసరికి ముసలిదైపోతుంది. మనిషిలో అరవై ఏళ్ళు ఎదురుచూడాల్సిన కథ ఎలుకలో రెండేళ్ళలో తేలుతుంది. శాస్త్రవేత్తలకు దాని మీద అంత మక్కువ అందుకే.

అసలు ఈ ప్రశ్న ఎలుకల దగ్గర పుట్టలేదు. సన్యాసినుల దగ్గర పుట్టింది. ఇటలీలో బెర్నార్డినో రామజ్జినీ అనే వైద్యుడు 18వ శతాబ్దం మొదట్లోనే, క్రైస్తవ మఠాల్లో ఉండే స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని రాశాడు. తర్వాత 1842లో దొమెనికో రిగోని-స్టెర్న్ వెరోనా నగరంలో 1760 నుంచి 1839 దాకా నమోదైన మరణాల లెక్కలు తిరగేశాడు. సన్యాసినుల్లో రొమ్ము క్యాన్సర్ ఎక్కువ, గర్భసంచి క్యాన్సర్ తక్కువ అని తేలింది. చూశారా, జీవితం ఒకటే, రెండు అవయవాలు రెండు రకాల జవాబులు ఇస్తున్నాయి. అప్పట్లో గర్భసంచి క్యాన్సర్ అంటే ఎక్కువగా గర్భాశయ ముఖద్వారం క్యాన్సరే. అది లైంగిక సంబంధం ద్వారా సోకే హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తుంది. సన్యాసినులకు ఆ వైరస్ సోకే అవకాశం తక్కువ. ఈ సంగతి తెలియడానికి ఇంకో శతాబ్దానికి పైగా పట్టింది. ఆశా అమ్మలు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి: నేనివాళ ఎలుక గర్భసంచి గురించి చెప్పబోయేది లోపలి పొరలో పుట్టే కణితుల సంగతి. ముఖద్వారం క్యాన్సర్ వేరే జబ్బు. దాని దారి వేరు, టీకా ఉన్నది దానికే.

ఇక జంతువుల్లోకి వద్దాం. మొదట చూసింది చిట్టెలుకల్ని, అంటే మౌస్‌ని. నేను ఎలుక అంటున్నది రాట్‌ని, అది వేరే జంతువు. అమెరికాలో అబీ లాత్రాప్ అనే ఆవిడ, మునుపు బడిపంతులమ్మ, ముచ్చట కోసం పెంచుకునే చిట్టెలుకల్ని పెంచి అమ్మేది. వాటికి వచ్చే గడ్డల్ని జాగ్రత్తగా గమనించి లియో లోబ్ అనే శాస్త్రవేత్తతో కలిసి వ్యాసాలు ప్రచురించింది. పరిశోధనశాల జీతగత్తె కాదు, డిగ్రీలు లేవు, కానీ ఆవిడ పెట్టుకున్న రికార్డులు లేకపోతే ఈ శాస్త్రం అంత త్వరగా మొదలయ్యేది కాదు. వాళ్ళకు కనిపించింది సన్యాసినుల కథకు తిరగబడ్డ కథ. ఈనే చిట్టెలుకలకే పాలగ్రంథి కణితులు ఎక్కువ, ఈననివాటికి తక్కువ! కారణం 1936లో జాన్ బిట్నర్ బయటపెట్టాడు. తల్లి పాలలో ఏదో వెళ్తోంది, అది పిల్లలకు కణితులు తెస్తోంది. అది వైరస్ అని తర్వాత తేలింది. గర్భం నాటి హార్మోన్లు ఆ వైరస్‌ని ఇంకా రెచ్చగొడతాయి. అందుకే ఆ జాతుల్లో ప్రతి ఈతా ముప్పును పెంచింది. ఎలుకలో అలాంటి వైరస్ అడ్డం రాదు. కాబట్టి గర్భం నేరుగా పాలగ్రంథికి ఏం చేస్తుందో చూడాలంటే ఎలుకే తగిన జంతువు.

ఎలుక కథకు పునాది వేసింది షికాగోలోని చార్లెస్ హగ్గిన్స్. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు హార్మోన్ వైద్యం కనుక్కున్నందుకు 1966లో నోబెల్ అందుకున్నది ఈయనే. 1961లో ఆయన బృందం స్ప్రాగ్-డాలీ జాతి ఆడ ఎలుకలకు సుమారు 50 రోజుల వయసులో డీఎంబీఏ అనే రసాయనం గొంతులోంచి పట్టించింది. దేంట్లో కలిపారనుకున్నారు? నువ్వుల నూనెలో. ఒక్క మోతాదు, జీవితంలో ఒక్కసారి. కొన్ని వారాల్లో దాదాపు అన్ని ఎలుకలకూ పాలగ్రంథి క్యాన్సర్ వచ్చింది. అదే రసాయనం వయసు మళ్ళిన ఎలుకకు ఇస్తే అంతగా రాదు. ముందుగానే అండాశయాలు తీసేసిన ఎలుకకు ఇస్తే దాదాపు రాదు.

మరి 50 రోజులకు ఏముంది? దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఇవాళ్టి మాటంతా ఇక్కడే ఉంది.

ఎలుక పుట్టినప్పుడు పాలగ్రంథి అంటే కొన్ని సన్నటి నాళాలే. యవ్వనంలోకి వస్తుంటే ఆ నాళాలు కొవ్వులోకి చొచ్చుకుంటూ కొమ్మలు వేస్తాయి. ప్రతి నాళం చివరా ఉబ్బెత్తుగా ఒక మొగ్గ ఉంటుంది. కొస మొగ్గ అందాం. మొత్తం గ్రంథిలో అన్నిటికంటే వేగంగా విభజన చెందే కణాలు ఆ మొగ్గలోనే ఉంటాయి. విభజన చెందుతున్న కణానికి రసాయనం తగిలితే డీఎన్ఏకు తగిలిన గాయం మానకముందే అది పిల్ల కణాలకు వెళ్ళిపోతుంది. సరిగ్గా 50 రోజుల ప్రాంతంలో ఈ మొగ్గలు విడివడి చిన్న చిన్న గుత్తులుగా మారే పనిలో ఉంటాయి. హోసే రుస్సో, ఇర్మా రుస్సో అనే దంపతులు 1970ల చివర నుంచి వరసగా చేసిన పనిలో క్యాన్సర్ ఈ కొస మొగ్గల్లోంచే మొదలవుతోందని చూపించారు.

ఇప్పుడు చూలు సంగతి. ఎలుక చూలయ్యాక ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, ప్రొలాక్టిన్ అనే హార్మోన్లు మూడూ కలిసి ఆ మొగ్గల్ని పాలు తయారుచేసే లాబ్యూల్స్‌గా మార్చేస్తాయి. ఆ కణాలకు ఒక పని దొరికింది, విభజన నెమ్మదించింది. పిల్లలు పాలు మానాక గ్రంథి మళ్ళీ చిక్కిపోతుంది. చూడ్డానికి మునుపటిలాగే ఉంటుంది గానీ లోపల అది మునుపటి గ్రంథి కాదు. 1969లో రిచర్డ్ మూన్, ముందుగా ఒకసారి ఈనిన ఎలుకలకు డీఎంబీఏ ఇస్తే కణితులు బాగా తగ్గుతాయని ప్రచురించాడు. ఎందుకు తగ్గుతాయో రుస్సోలు సూక్ష్మదర్శిని కింద చూపించారు: విషం వచ్చేసరికి దానికి దొరికే మొగ్గలు మిగలలేదు.

అయితే గర్భం మొత్తం కూడా అక్కర్లేదేమో అని ఇంకొందరు అడిగారు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో సత్యబ్రత నంది బృందం 1999లో, చూలు కాని ఎలుకలకు గర్భంలో ఉండే మోతాదులో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ కొన్ని వారాల పాటు ఇచ్చి అదే రక్షణ తెప్పించింది. అలా హార్మోన్లు అందుకున్న గ్రంథుల్లో పీ53 అనే కాపలా ప్రోటీన్ ఎక్కువకాలం కణ కేంద్రకంలో నిలిచి ఉంటోందని డేనియల్ మెడీనా బృందం 2001లో చూపించింది. అంటే మొగ్గలు పోవడం ఒక్కటే కారణం కాదు, మిగిలిన కణాల స్వభావమే మారిపోతోంది. నాకు ఈ రెండో వివరణే మరింత బలమైనదిగా అనిపిస్తుంది. గ్రంథి చిక్కిపోయాక కూడా రక్షణ ఎలా మిగులుతోందో మొదటి వివరణ ఒక్కటే చెప్పలేదు.

గర్భం మధ్యలో ఆగిపోతే ఎలుకలో ఈ రక్షణ పూర్తిగా రాదని రుస్సోలు రాశారు. దీన్ని పట్టుకుని కొందరు, గర్భస్రావమైన ఆడవాళ్ళకు రొమ్ము క్యాన్సర్ వస్తుందని భయపెట్టారు. అది అబద్ధం. 2004లో 16 దేశాల నుంచి 53 అధ్యయనాలను, 83,000 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల సమాచారాన్ని కలిపి చూస్తే గర్భస్రావం ముప్పు పెంచదని తేలింది. బిడ్డ పోయిన దుఃఖంలో ఉన్న మనిషికి లేని భయం ఒకటి అంటించకండి.

ఇప్పుడు అదే గర్భాన్ని ఇంకో వేళలో పెట్టి చూడండి. రసాయనం ముందు తగిలింది, కణితులు అప్పటికే మొదలయ్యాయి, తర్వాత ఎలుక చూలైంది. అప్పుడు కణితులు వేగంగా పెరిగాయి. ఈనాక వాటిలో చాలా కుంచించుకుపోయాయి. మొగ్గను పక్వం చేసిన హార్మోన్లే పుట్టిన కణితికి తిండి పెట్టాయి. హార్మోన్ మంచిదా చెడ్డదా అని నన్నెవరైనా అడిగితే ఏ వయసులో, దేని తర్వాత అని తిరిగి అడుగుతాను.

ఇక్కడి దాకా రసాయనం ఇచ్చిన ఎలుకల కథ. ఏమీ ఇవ్వకుండా వదిలేసినా స్ప్రాగ్-డాలీ ముసలి ఎలుకలకు పాలగ్రంథి గడ్డలు బాగా వస్తాయి. ఎక్కువ ఫైబ్రోఅడినోమాలు, అంటే ప్రాణం తీయని గడ్డలు. ఒక్కోటి ఎలుక ఒంటితో పోటీ పడేంత పెరుగుతుంది. దీనికి మూలం మెదడులో ఉంది. ఏడాది దగ్గర పడేసరికి ఈ జాతి ఎలుకలో అండం విడుదలకు సంకేతం పంపే హైపోథాలమస్ మొద్దుబారుతుంది. అండాశయంలో అండకోశాలు ఇంకా ఉన్నాయి, ఈస్ట్రోజెన్ తయారవుతూనే ఉంది, కానీ అండం విడుదల కాదు. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టెరాన్ రాదు. ఎలుక ఎదలోనే నిలిచిపోతుంది. పైగా పిట్యూటరీ గ్రంథి ఉబ్బి ప్రొలాక్టిన్‌ని కుమ్మరిస్తుంది. పాలగ్రంథి పెరగమనే మాటే రోజూ వింటుంది.

ఇక్కడ మనిషికీ ఎలుకకీ మధ్య పెద్ద గీత ఉంది. ఆడమనిషిలో అండాశయాలే ఖాళీ అవుతాయి, నెలసరి ఆగుతుంది, ఈస్ట్రోజెన్ పడిపోతుంది. ముసలి ఎలుకలో అది పడిపోకుండా చాలాకాలం నడుస్తుంది. అట్రజిన్ అనే కలుపు మందు ఈ జాతి ఎలుకల్లో పాలగ్రంథి కణితుల్ని తొందరగా తెచ్చినప్పుడు, అది అండం విడుదల సంకేతాన్ని అణచి ఎలుకను ముందుగానే ఎదలో నిలిచిపోయే స్థితిలోకి నెట్టడం వల్లేనని, మనుషులకు ఆ దారి వర్తించదని అమెరికా నియంత్రణ సంస్థ నిర్ణయించింది. ఎలుక ఫలితాన్ని యథాతథంగా మన మీద పెట్టుకోకూడదు, అలాగని పారేయనూ కూడదు. ఏ దారిన వచ్చిందో వెతకాలి.

ఇప్పుడు గర్భసంచి. ఈస్ట్రోజెన్ లోపలి పొరను పెంచుతుంది, ప్రొజెస్టెరాన్ ఆ పెరుగుదలను ఆపి పొరను పక్వం చేస్తుంది. మొదటిది ఉండి రెండోది లేకపోతే పొర దళసరెక్కుతుంది, కొన్నాళ్ళకు కణాలు అదుపు తప్పుతాయి. జర్మనీలో హానోవర్ నగరంలో డీర్‌బెర్గ్ బృందం 1981లో, ఎన్నడూ ఈనని విస్టార్ జాతి ఎలుకల్లో గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ అసాధారణంగా ఎక్కువగా ఉందని రాసింది. తర్వాత అక్కడే పెంచిన బీడీ-2 అనే జాతిలో, ఈనకుండా ముసలివైన ఎలుకల్లో అత్యధికానికి ఈ క్యాన్సర్ దానంతటదే వస్తుందని చూపించారు. జపాన్‌లో పెంచే డోన్ర్యూ జాతిదీ అదే దారి. ఆ ఎలుకలు చిన్న వయసులోనే ఎదలో నిలిచిపోతాయి, ఈస్ట్రోజెన్‌కు పోటీ ఉండదు.

ఈతలు ఇక్కడ ఏం చేస్తాయి? ప్రతి చూలూ మూడు వారాల ప్రొజెస్టెరాన్. పాలిచ్చే రోజుల్లో అండాశయం విశ్రాంతిలో ఉంటుంది. వరసగా ఈనే ఎలుకల్లో ఎద చక్రం చెడిపోవడం కూడా ఆలస్యమవుతుంది. కాబట్టి అడ్డులేని ఈస్ట్రోజెన్ కింద గర్భసంచి గడిపే రోజులు తగ్గుతాయి. రొమ్ములో గర్భం చేసేది ఒకసారి జరిగే మార్పు. గర్భసంచిలో అది కూడికల లెక్క.

మనుషుల్లో ఈ తేడా ఎంత చక్కగా కనిపిస్తుందో చూడండి. 1970లో బ్రయన్ మాక్‌మహన్ బృందం ప్రపంచంలో ఏడు ప్రాంతాల స్త్రీలను చూసి, 18 ఏళ్ళలోపు తొలి కాన్పయినవాళ్ళకు రొమ్ము క్యాన్సర్ ముప్పు 35 దాటాక తొలి కాన్పయినవాళ్ళలో మూడో వంతేనని చెప్పింది. 35 దాటాక కన్నవాళ్ళకు అసలు కననివాళ్ళకంటే కూడా ఎక్కువే. రొమ్ముకు తొలి కాన్పు వయసు ముఖ్యం. గర్భసంచి లోపలి పొరకు అలా కాదు, చివరి కాన్పు ఎంత ఆలస్యమైతే అంత రక్షణ. ముదిరే వయసులో వచ్చే గర్భం ఆ పొరను మళ్ళీ ప్రొజెస్టెరాన్‌లో ముంచుతుంది కనక అని ఒక వివరణ. 1975లో అమెరికాలో, నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ మాత్రలు ఒక్కటే వాడిన స్త్రీలకు గర్భసంచి క్యాన్సర్ కొన్ని రెట్లు ఎక్కువని బయటపడింది. సరే, ప్రొజెస్టెరాన్ రకం మందు కలిపారు. గర్భసంచికి ఆ ముప్పు తప్పింది. 2002లో పెద్ద అధ్యయనం ఒకటి ఆపేయాల్సి వచ్చింది, ఆ కలిపిన మందుతో రొమ్ము క్యాన్సర్ పెరిగినందుకు. ఒక అవయవాన్ని కాచింది ఇంకోదానికి చేటు చేసింది.

వెనక నుంచి ఒక అమ్మాయి చీటీ పంపింది. "అయితే పిల్లలకు తొందరగా పెళ్ళి చేయడమే మంచిదా?" అని. మంచి ప్రశ్న, భయపడకుండా అడిగినందుకు సంతోషం. జవాబు: కాదు, ముమ్మాటికీ కాదు. ఎలుక చూలుకు చదువు చెడదు, రక్తహీనత ఉన్న పదహారేళ్ళ పిల్ల చూలుకు ప్రాణమే చెడవచ్చు. గుర్రపు వాతం, తక్కువ బరువు బిడ్డ, కష్టమైన కాన్పు ఇవన్నీ మీ రిజిస్టర్లలో ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్ ముప్పు తగ్గేది కూడా వెంటనే కాదు. కాన్పయిన సుమారు 5 ఏళ్ళకు ఆ ముప్పు కొంచెం పెరిగి ఉంటుందని, రక్షణ కనిపించడానికి 20 ఏళ్ళు దాటుతుందని 2019లో వచ్చిన పెద్ద విశ్లేషణ చెప్పింది. కణితికి తిండి పెట్టిన గర్భం గురించి చెప్పానే, ఆ ఎలుక గుర్తొచ్చిందా? ఇరవైల మొదట్లో కన్నవాళ్ళకూ ముప్పు తక్కువే. ఎలుక పాఠం పెళ్ళి ముహూర్తం పెట్టడానికి కాదమ్మా.

చేతిలో ఉన్నది పాలివ్వడం. 2002లో 30 దేశాల 47 అధ్యయనాలు కలిపి చూస్తే, పాలిచ్చిన ప్రతి 12 నెలలకు రొమ్ము క్యాన్సర్ ముప్పు 4.3 శాతం తగ్గింది, ప్రతి కాన్పుకు తగ్గే 7 శాతానికి ఇది అదనం. ఇంటికి వెళ్ళి చెప్పగలిగే మాట ఇది.

ఇంకొకటి చెప్పకుండా దిగను. దేశంలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రం మనది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో దాదాపు 9 శాతం. తెల్లబట్ట అయిందనో, నడుం నొప్పనో, ఉంచితే క్యాన్సర్ అవుతుందనో ముప్ఫై అయిదేళ్ళకే తీయించేస్తున్నారు. వెంట అండాశయాలు కూడా పోతే ఎముకలు, గుండె రెండూ నష్టపోతాయి. గర్భసంచి ఉన్నంత మాత్రాన క్యాన్సర్ రాదు. అనుమానించాల్సిన గుర్తు వేరే ఉంది: నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్ళీ రక్తం కనిపించడం. బరువు బాగా ఎక్కువున్నవాళ్ళలో, సుగర్ ఉన్నవాళ్ళలో, పిల్లలు కలగనివాళ్ళలో మరీ. ఒక్క చుక్క అయినా సరే, జిల్లా ఆసుపత్రికి పంపండి. రొమ్ములో గడ్డ తగిలితే నొప్పి లేదు కదా అని ఆగనివ్వకండి. అవసరమైతే విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఇక్కడి నుంచి రోజూ వెళ్ళి వస్తున్నారు.

జువాలజీ పిల్లలూ, పక్క ల్యాబ్‌లో రెండు సూక్ష్మదర్శినులు పెట్టించాను. ఒకదాని కింద ఈనని ఎలుక పాలగ్రంథి, రెండోదాని కింద ఒకసారి ఈనినదానిది. ఏది ఏదో అట్ట మీద రాయలేదు. కొస మొగ్గలు ఎక్కడ ఉన్నాయో వెతికి, ఏది ఎవరిదో మీరే తేల్చండి. ఆశా అమ్మలు ముందు చూడండి, మీకు సాయంత్రం బస్సుంది.